మునిస్వామి ఏరి తెచ్చిన పానాలు

పుంగనూరులోని ఆ లారీ షెడ్డుకు పదిహేడేళ్లుగా పానాలు, స్క్రూడ్రైవర్లు, సాకెట్లు ఏరి తెచ్చింది మునిస్వామి. అన్నేళ్లలో తాను ఏరిన వాటిలో ఒక్కదాన్ని కొత్తగా ఉండగా పట్టుకుని ఒక్క నట్టు తిప్పలేదు. తిప్పనివ్వలేదు.

ఏర్పాటు ఇలా ఉండేది. ఏటా ఆయుధపూజకు వారం ముందు షెడ్డు యజమాని తిమ్మప్ప మునిస్వామిని మదనపల్లెకు పంపుతాడు. ఆయన పొద్దంతా కొట్లో కూర్చుని, ఒక్కో పిడినీ అరచేతిలో పెట్టి చూసి, మంచివి ఏరి, గోనెసంచిలో కట్టుకుని బస్సెక్కి తెస్తాడు. సంచిని షెడ్డు గడప దగ్గర దించుతాడు. అంతవరకూ అవి ఇనుము. ఇనుమును ఎవరు మోసినా ఇబ్బంది లేదు. గడప దగ్గర వాటి మీద పసుపు నీళ్లు చల్లి, లోపలికి తీసుకుపోయి, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, గోడకున్న చెక్కబోర్డుకు తగిలిస్తారు. అప్పటినుంచీ అవి దేవుడి సామాన్లు. మునిస్వామి ముట్టకూడదు.

పోయినేడు బోర్డు మీద వేలాడినవి, పళ్లరిగినవి, మూతి వంగినవి, పిడి పగిలినవి, బోర్డు దిగి షెడ్డు బయట రేకుల కిందున్న ఇనుప పెట్టెలో పడతాయి. ఆ పెట్టె మునిస్వామిది. ఆయన పనిచేసేదీ ఆ రేకుల కిందే. ఎండాకాలం రేకుల కింద పానా పట్టుకుంటే అరచెయ్యి చురుక్కుమంటుంది. వానాకాలం కాళ్ల కింద బురద.

మునిస్వామి ఇల్లు ఎస్సీ కాలనీలో. ఆ సంగతి షెడ్డులో ఎవరూ ఎత్తరు. కొత్తగా వచ్చిన డ్రైవరెవరైనా రెండు రకాల సామాన్లు చూసి అడిగితే, "ఎవురి సామాన్లు వాళ్లకుంటే పని సక్కంగా జరుగుతాదప్పా, అదొక పద్ధతి" అంటాడు తిమ్మప్ప. మర్యాదగా, నవ్వుతూ అంటాడు. తిట్టలేదు, కొట్టలేదు, నెట్టలేదు. ఒక పెట్టె పెట్టాడు, అంతే. మిగిలింది ఆ పెట్టె చూసుకుంది.

మునిస్వామికి ఇప్పుడు నలభై ఎనిమిదేళ్లు. ఆయన తండ్రి కూలిపని చేసుకుంటూ, ఖాళీ దొరికినప్పుడు ఊళ్లోవాళ్ల పారలకూ గొడ్డళ్లకూ తుమ్మకొయ్యతో పిడులు చెక్కిచ్చేవాడు. ఎవరైనా పార పట్టుకొస్తే ముందు దాన్ని చూసేవాడు కాదు. "సెయ్యి సూపించు" అనేవాడు. వేళ్ల పొడుగు, అరచేతి వెడల్పు చూసి, దానికి తగ్గట్టు కొయ్యను గుండ్రంగానో కోడిగుడ్డు వాటంగానో దించేవాడు. పిడి సరిగ్గా లేకపోతే నొప్పి ముందు బొటనవేలి మొదట్లో పుడుతుందనీ, తర్వాత మణికట్టుకు పాకుతుందనీ, ఆ పైన భుజమే పోతుందనీ చెప్పేవాడు. ఆ చూపు కొడుకుకు వచ్చింది. కొడుకు పార వదిలి పానా పట్టాడు.

పట్టాడు గానీ, ఏ పానా? తొమ్మిదేళ్ల కిందటి సంగతి ఒకటి చెప్పాలి.

ఒక లారీకి రేడియేటరు గొట్టం బిగించాలి. గొట్టం మీద హోస్ క్లిప్పు ఉంటుంది, దానికి చిన్న మర. మర తల మీద గాడీ ఉంటుంది, చుట్టూ ఆరు మూలలూ ఉంటాయి. గాడిలో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పొచ్చు. కానీ మూతి అరిగిన స్క్రూడ్రైవరు ఆ గాడిలో నిలవదు, జారుతుంది. తెలిసినవాడు సాకెట్ డ్రైవరు పడతాడు. దానికీ స్క్రూడ్రైవరు లాంటి పిడే, చివర మాత్రం మర తలను టోపీలా కప్పే గుంట మూతి. అది జారదు. సరిగ్గా అలాంటిది ఒకటి రెండు వారాల కిందే మునిస్వామి మదనపల్లెలో ఏరి తెచ్చాడు. అది గోడ మీద, ఆయనకు నాలుగడుగుల దూరంలో, కుంకుమ బొట్టుతో వేలాడుతోంది.

మునిస్వామి పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తీశాడు. దాని పిడి ముందే చీలి ఉంది, సైకిలు ట్యూబు చుట్టి వాడుతున్నాడు. జారకుండా ఉండాలని బరువంతా వేసి అదిమాడు. పిడి రెండుగా విచ్చుకుంది. లోపలి ఇనుప కడ్డీ పిడి వెనకనుంచి పొడుచుకొచ్చి కుడి అరచేతిలో దిగింది.

పక్కనే బోర్డు సామాన్లతో పనిచేసే రమణ పరుగెత్తుకొచ్చి గుడ్డ కట్టాడు. తిమ్మప్ప ఆటో పిలిపించాడు. "ఇన్నేండ్ల పనోడివి, సూసుకుని సేయొద్దా మునీ" అన్నాడు. గాయం మానింది. నడిమివేలు మాత్రం అప్పటినుంచీ పూర్తిగా ముడవదు. ఏ పిడి పట్టుకున్నా అది ఒక్కటీ నిటారుగా నిలబడి ఉంటుంది. చెయ్యి బాగయ్యాక మునిస్వామి మళ్లీ వచ్చి ఆ రేకుల కిందే కూర్చున్నాడు. సాకెట్ డ్రైవరు గోడ మీదే ఉంది. ఆయన అడగలేదు. ఎందుకు అడగలేదంటే, ఇంట్లో ఇద్దరు పిల్లలు బడికి పోతున్నారు, పుంగనూరులో మిగతా షెడ్లలో ఈ పెట్టె కూడా ఉండదు, అసలు గడప దగ్గరికే రానివ్వరు. ఓపిక ఆయన గుణమని ఎవరైనా మెచ్చుకుంటే ఒళ్లు మండుతుంది. దిక్కులేనితనానికి ఓపికని పేరు పెట్టి మెచ్చుకోవడం పెట్టె పెట్టినవాళ్లకు బాగా కలిసొచ్చే పని.

రమణ చెడ్డవాడు కాదు. పని నేర్చుకుంది మునిస్వామి దగ్గరే. ఇంజను శబ్దం విని జబ్బు చెప్పడం, బోల్టు విరగకుండా తుప్పు వదిలించడం, అంతా. "అన్నా" అని పిలుస్తాడు. అన్న చెప్తాడు, తమ్ముడు బోర్డు మీది పానా తీసి చేస్తాడు. ఇద్దరికీ అలవాటైపోయింది.

పోయినేడు వినాయక చవితి దాటాక తిమ్మప్ప మునిస్వామిని పిలిచి కుర్చీ చూపించాడు. మునిస్వామి కూర్చోలేదు.

"కుప్పంలో షెడ్డు పెడతాండా మునీ. తమిళనాడుకు పొయ్యే టమాటా లారీలన్నీ ఆడనే ఆగుతాయి. ఆ షెడ్డుకు మేస్త్రివి నువ్వే."

"నేనా సామీ?"

"నీకన్నా తెలిసినోడు యాడుండాడు? మదనపల్లెకు పొయ్యి సామానంతా ఏరుకో. నీ సేతికి తగ్గట్టు ఏరుకో."

నీ చేతికి తగ్గట్టు. పదిహేడేళ్లలో ఆ మాట మొదటిసారి విన్నాడు. విని, పాపం, నమ్మాడు.

మదనపల్లె బస్టాండుకు దగ్గర్లో సుప్రజ కొట్టు ఉంది. తండ్రి పోయాక ఆమే నడుపుతోంది. ముప్పై ఐదేళ్లుంటాయి. మోటారు సామాన్లు, పనిముట్లు ఏవైనా సరే, కళ్లు మూసుకుని అరలోంచి తీసిస్తుంది. మునిస్వామి జేబులోంచి జాబితా తీసి బల్ల మీద పెట్టగానే దాన్ని పైకెత్తి చూసింది.

"ఈతూరి తోకంత పొడుగుండాదే అన్నా. షెడ్డు కొనేస్తివా ఏంది?"

"కొన్లేదు తల్లీ. కుప్పంలో కొత్తది. మేస్త్రిని నేనే."

"అట్లయితే నా కొట్టుకు ఈపొద్దు బోణీ బాగుండాది. కూసో, కాఫీ చెప్తా. మేస్త్రి కాకముందు నువ్వు పెట్టే నస తట్టుకోలేకపోతి, ఇంక ఇప్పుడేం కావాల నా గతి."

ఎర్రటి రబ్బరు తొడుగున్న స్క్రూడ్రైవర్లు ముందు పెట్టింది. "మెత్తగుంటాయి. బెంగుళూరోళ్లు ఇవే అడుగుతాండారు."

మునిస్వామి ఒకటి తీసుకుని గోటితో రబ్బరు నొక్కాడు. "బెంగుళూరులో చేతులకు డీజిల్ అంటదేమో. డీజిల్ తగిల్తే ఇది ఉబ్బుతాది. ఆర్నెల్లకు సెయ్యి ఒకపక్క తిరిగితే పిడి ఒకపక్క తిరుగుతాది. గట్టి పిడి చూపించు. లోపలి కడ్డీ వెనకదాకా రావాల, వెనక ఇనుప బిళ్ల ఉండాల."

"ఎనకదాకా యాల?"

మునిస్వామి అరచెయ్యి తెరిచి చూపించాడు. మచ్చ ఇంకా నల్లగా ఉంది. సుప్రజ పై అర అందుకుంది.

పిడి మొదట్లో కడ్డీ ఆరు పలకలుగా ఉన్నవే తీసుకున్నాడు. మొండికేసిన మర అయితే అక్కడ పానా తగిలించి తిప్పొచ్చు. పిడి లావుగా ఉంటే చేతికి బలం, చివర గుండ్రంగా ఉంటే అరచేతికి మేలు. సాకెట్ల దగ్గరికి వచ్చేసరికి సుప్రజే అంది, "పన్నెండు మూలలవి మొన్ననే వచ్చినాయి. నట్టు మీద ఎట్ల పెట్టినా తొందరగా కూసుంటాయి."

"తొందరగానే కూసుంటాయి. తుప్పు పట్టిన నట్టుకు పెట్టి తిప్పితే దాని మూలలు కొరికేస్తాయి కూడా. తర్వాత దాన్ని ఉలి పెట్టి కొట్టాల. ఆరు మూలలవే ఇయ్యి. పలక పలకనూ పట్టుకుంటాది."

ఆ తర్వాత రాచెట్లు. సాకెట్ను తిప్పే ఆ పిడిలో లోపల చక్రం ఉంటుంది, దానికి సన్నటి పళ్లు. ముందుకు తిప్పితే పడుతుంది, వెనక్కి తిప్పితే టికటికమంటూ వదులుతుంది. మునిస్వామి ఒక్కోటీ చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా తిప్పాడు. కొట్టుకు వచ్చిన వేరే గిరాకీలు ఆయన్ను వింతగా చూశారు.

"చెవిలో ఏం చెప్తాండాది?" అని నవ్వింది సుప్రజ.

"ముప్పై ఆరు పళ్లని చెప్తాండాది. ఇది వద్దు. ఇంజను సందులో పిడి ఇంతకన్నా తిరగదు" అని రెండువేళ్ల ఎడం చూపించాడు. "పళ్లు ఎక్కువుంటే ఆ రవ్వంత కదలికకే పట్టుకుంటాది. డెబ్బైరెండు పళ్లది ఇయ్యి."

పొడుగు పిడివి నాలుగు తీసి పక్కన పెట్టాడు. ఆ తర్వాత ఒక పొట్టిది చేతికి వచ్చింది. నడిమిన కాస్త ఉబ్బు, చివర సన్నం. గుప్పిట మూశాడు. ముడవని నడిమివేలు ఆ ఉబ్బు పక్కనున్న పల్లంలో ఆనుకుని నిలబడింది. మళ్లీ తెరిచి, మళ్లీ మూశాడు.

"రమణన్నకు అది మరీ పొట్టయితాదేమో" అంది సుప్రజ. రమణ చెయ్యి ఆమెకు తెలుసు. ఏళ్లుగా మునిస్వామి ఆ చేతికే ఏరుతున్నాడు.

"ఇది రమణకు కాదు. నాకు."

"మరి ఇన్నేండ్లు కొనుక్కుపోయిన వాట్లో నీవి లేవా?"

అప్పుడు చెప్పాడు. పెట్టె సంగతి, పూజ సంగతి, బోర్డు సంగతి. సంత బేరం చెప్పినట్టు మామూలుగా చెప్పాడు. సుప్రజ చేతిలోని సాకెట్ను బల్ల మీద పెట్టేసింది.

"నాకొక్కనాడూ చెప్పలేదే."

"చెప్తే ఏం చేస్తావు తల్లీ, కొట్టు మూసేస్తావా?"

 సుప్రజ ఆ పొట్టి రాచెట్ను విడిగా కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఇంట్లో పాపక్క ఆ కాగితం విప్పి చూసింది. పాపక్క ఆయన భార్య. పట్టు రీలింగు కేంద్రంలో ఉడుకు నీళ్లలోని పట్టుగూళ్ల నుంచి దారం తీసే పని. ఆమె వేలి కొనలు ఎప్పుడూ తెల్లగా నాని ఉంటాయి. రాచెట్ను అటూ ఇటూ తిప్పి, "బాగుండాది" అంది. దాన్ని చేతిలోనే ఉంచుకుని అడిగింది.

"నీ సేతికి తగ్గట్టు ఏరుకోమన్నాడు సరే. పట్టుకోమన్నాడా?"

"మేస్త్రి అన్నాడు కదే. మేస్త్రి పట్టుకోకుండా ఎట్ల చేస్తాడు?"

"ఏమో. ఆయప్ప నోట్లోంచి నేను ఎప్పుడూ సగం మాటే విన్నా."

"నీకు అన్నిట్లో అనుమానమే."

"నీకు లేదు కాబట్టి నేను పడతాండా" అని రాచెట్ను మళ్లీ కాగితంలో చుట్టింది.

కుప్పంలో షెడ్డు బైపాసు పక్కన. పూజకు ముందురోజు, గడప ఇంకా అడ్డం కాకముందే, మునిస్వామి, రమణ ఇద్దరూ కలిసి బోర్డు బిగించారు. ఏది ఎక్కడ తగిలించాలో తెలిసేలా ఒక్కో పనిముట్టునూ బోర్డు మీద పెట్టి, చుట్టూ నల్లరంగుతో గీత గీశాడు మునిస్వామి. పొట్టి రాచెట్కు కుడిచేతి వైపు, చెయ్యి చాపితే అందేచోట గీశాడు.

ఆయుధపూజ నాడు అంతా మామూలే. పసుపు నీళ్లు, కుంకుమ, బూడిద గుమ్మడికాయ. మునిస్వామి గడప ఇవతల నిలబడ్డాడు. ఈ ఒక్కనాటికి ఇవతల నిలబడినా రేపటినుంచి లోపలే కదా అనుకున్నాడు. హారతి అయ్యాక పుంగనూరు నుంచి మినీ లారీ వచ్చింది. కుర్చీలు, గ్రీజు డబ్బాలు, జాకీలు దించారు. చివర ఇద్దరు పట్టుకుని ఇనుప పెట్టె దించి షెడ్డు బయట రేకుల కింద పెట్టారు.

మునిస్వామి పెట్టె దగ్గరికి నడిచాడు.

"పెట్టె యాల వచ్చింది సామీ?"

"నీదే కదరా. మరిసిపోయి వస్తివని తెప్పించినా" అన్నాడు తిమ్మప్ప.

"మేస్త్రి అంటిరి కదా సామీ."

"మేస్త్రివే. ఎవురు కాదన్యారు? నువ్వు నోటితో చెప్పు, రమణ చేత్తో చేస్తాడు. యాడన్నా మేస్త్రీలు సేతికి మసి పూసుకుంటారా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రమణ కూడా నవ్వి, మధ్యలో ఆపేశాడు.  షెడ్డు ముందే, బైపాసు పక్కన, ఆదిలక్ష్మి టీ బంక్ ఉంది. మునిస్వామి అక్కడ కూర్చుని రెండు టీలు తాగాడు. "మేస్త్రన్నకు ఈపొద్దు చక్కెర తక్కువైనట్టుండాదే" అని ఆమె ఎగతాళి చేసినా తలెత్తలేదు.

మర్నాడు పొద్దున పదిగంటలకు టమాటా లోడుతో ఒక లారీ వచ్చింది. డ్రైవరుది తమిళనాడులోని వాణియంబాడి. వాటరు పంపు కారిపోతోంది. ఇంజను చల్లారేదాకా ఆగి రమణ పనికి దిగాడు. పై బోల్టులు వచ్చేశాయి. కిందది ఫ్యాను వెనకాల, సందులో. పొడుగు రాచెట్ పెడితే పిడి రేడియేటరుకు తగిలి కదలడం లేదు.

"పొడుగుది కాదు రమణా, పొట్టిది పట్టు" అన్నాడు మునిస్వామి గడప ఇవతలనుంచి.

రమణ పొట్టిది తీసుకున్నాడు. అతనిది పెద్ద చెయ్యి. ఆ ఉబ్బు అరచేతికి ఎదురు తగిలింది. సాకెట్ వాలుగా కూర్చుంది. ఒకసారి జారింది, రెండోసారి జారింది.

"అన్నా, మూల పోయేట్టుండాది."

"ఆపు. ఇంకొకతూరి జారితే బోల్టు తలకాయ గుండ్రమైపోతాది. మూడు మూలలు పోతే పంపే కొయ్యాల."

డ్రైవరు గడియారం చూసుకున్నాడు. వెనకాల లోడులో టమాటాలు మగ్గిపోతున్నాయి. షెడ్డు ముందు ఇంకో రెండు లారీలు ఆగి ఉన్నాయి, వాటి మనుషులు, బంక్ దగ్గరనుంచి ఆదిలక్ష్మి కూడా చుట్టూ చేరారు. "తెలిసినాయన్ను దిగమను అప్పా" అన్నాడు డ్రైవరు. "ఆయనెందుకు బయట నిలబడి చూస్తాండాడు?"

 తిమ్మప్ప కుర్చీలో కూర్చుని ఫోన్లో చూస్తున్నాడు. వినపడినా ఫోను దించలేదు. ఆ ప్రశ్న అక్కడ అందరి మొహాలూ చూసి వచ్చి మునిస్వామి దగ్గర ఆగింది.

మునిస్వామి గడప దాటాడు. రమణ చేతిలోంచి రాచెట్ తీసుకున్నాడు. రమణ వదిలేశాడు. సాకెట్ను బోల్టు తల మీద నిటారుగా కూర్చోబెట్టి, బొటనవేలితో వెనకనుంచి అదిమి, పిడి పట్టుకున్నాడు. ముడవని వేలు దాని చోట అది ఉంది. ఒక చిన్న ఊపు. బోల్టు కిర్రుమని కదిలింది. తర్వాత టికటికటిక. మూడు నిమిషాల్లో బోల్టు చేతిలోకి వచ్చింది. పదిహేడేళ్లుగా పనిముట్లు ఏరినవాడికి మంచి పనిముట్టు చేతిలో ఎలా పలుకుతుందో తెలియడానికి పట్టిన సమయం ఆ మూడు నిమిషాలు.

తిమ్మప్ప లేచాడు. అరవలేదు.

"రమణా, బకెట్లో నీళ్లు తే. పసుపు కలుపు. బోర్డు మీదివన్నీ దించు."

"అన్నీనా?"

"చెప్పింది చెయ్."

రమణ దించాడు. అందరూ చూస్తుండగా ఒక్కోటీ పసుపు నీళ్లలో ముంచుతున్నాడు. పానాలు, సాకెట్లు. రాచెట్ల వంతు వచ్చేసరికి మునిస్వామి నోట్లోంచి ముందు వచ్చిన మాట తన గురించి కాదు.

"రాచెట్లు నీళ్లలో ముంచొద్దు సామీ. లోపల పళ్లు తుప్పు పడతాయి. పనికి రావు."

"పట్టనీ తుప్పు."

ఆ రెండు మాటలు మళ్లీ చదవండి. కొత్త రాచెట్ తుప్పు పట్టి పాడైపోయినా ఫర్వాలేదు గానీ, బోల్టు విప్పిన చెయ్యి తగిలిన గుర్తు దాని మీద ఉండకూడదు. వ్యాపారం తెలిసిన మనిషి, పైసాకు లెక్క చూసే మనిషి, తన సామాను తానే నాశనం చేసుకుంటున్నాడు. ఇది పిచ్చి కాదు. పిచ్చివాడైతే ఆస్పత్రికి తీసుకుపోవచ్చు.

మునిస్వామి మొదటిసారి ఆయన్ను నువ్వు అన్నాడు.

"నా సెయ్యి తగిల్తే నీ ఇనుము చెడిపోతాదా? మదనపల్లె నుంచి మోసుకొచ్చినప్పుడు చెడిపోలేదా?"

అప్పుడు తిమ్మప్ప నోట్లోంచి ఆ మాట వచ్చింది. మునిస్వామి కులం పేరు, దాని వెనక తల్లిని కలిపి ఒక బూతు. ఇన్నేళ్లూ పెట్టె మాట్లాడిన మాట ఆ రోజు మనిషే పదకొండు మంది ముందు గట్టిగా మాట్లాడాడు. "నీ పెట్టె తీసుకుని పో" అన్నాడు.

మునిస్వామి పెట్టెను అక్కడే వదిలేసి బస్సెక్కాడు.

పాపక్క అంతా విని ఏడవలేదు, నేను ముందే చెప్పలేదా అనీ అనలేదు. "ఇంక నోటి మాటలు చాలు. ఈతూరి కాయితం మీద పెడదాం పద" అంది. ఇద్దరూ పోలీసు స్టేషనుకు పోయి ఫిర్యాదు రాసిచ్చారు. నలుగురి ముందు కులం పేరుతో తిడితే శిక్షించే చట్టం ఉంది. ఎప్పటినుంచో ఉంది. ఆ చట్టానికి కావాల్సింది చూసినవాళ్లు.

పదకొండు మంది చూశారు.

వాణియంబాడి డ్రైవరు ఫోన్లో, "నాకు తెలుగు అర్థం కాదన్నా" అన్నాడు. తెలుగులోనే అన్నాడు. మిగతా లారీల వాళ్లలో ఇద్దరు ఫోను ఎత్తలేదు, ఒకడు ఆ రోజు తాను కుప్పంలోనే లేనన్నాడు, మిగిలినవాళ్లు ఏమీ వినలేదన్నారు. రమణ సాయంత్రం పూట మునిస్వామి ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"టీకి పొయ్యుంటినని చెప్పినానన్నా."

"నీళ్లు కలిపింది ఎవురు రమణా?"

"నేనే. నా పరిస్థితి నీకు తెలీదా అన్నా?"

"తెలుసు. నీకు పని నేర్పించినప్పటినుంచీ తెలుసు. లోపలికి రా, టీ తాగిపో. తాగినావని చెప్పేదానికి నిజంగా ఒక టీ అన్నా ఉంటాది."

రమణ లోపలికి రాలేదు.

నిలబడింది ఒక్కరే. టీ బంక్ ఆదిలక్ష్మి. ఆమె బంక్ ఉండేది ఆ షెడ్డు ముందే, గిరాకీలో సగం ఆ షెడ్డుదే. "చూసినా. విన్నా. అడిగితే చెప్తా. దానికేముండాది" అని వేలిముద్ర కాదు, సంతకమే పెట్టింది. అది పెట్టిన వారానికి బంక్ అక్కడనుంచి తీయమని ఒత్తిడి మొదలైంది. ఆమె తీయలేదు.

పెద్దమనుషులు వచ్చారు. కాలనీకి వచ్చి, అరుగు మీద కూర్చుని, మెత్తగా మాట్లాడారు. "తిమ్మప్ప తగ్గినాడు మునీ. నువ్వు కుప్పం వచ్చేయ్. బోర్డు మీది సామాన్లు నువ్వే పట్టుకో, ఎవురూ అడ్డం రారు. కేసు మాత్రం ఎనక్కి తీసుకో."

ఆయనకు ఆశ లేదని చెప్తే అబద్ధం. ఆ పొట్టి రాచెట్ చేతిలో ఎలా కూర్చుందో ఆయనకే తెలుసు.  చివరికి ఒకటే అడిగాడు.

"మరి ఆ పెట్టె ఎవురికిస్తాడు?"

"పెట్టె సంగతి నీకెందుకప్పా ఇప్పుడు?"

"నేను లోపలికి పోతే నా తర్వాత పనికి వచ్చేవోడు ఆ రేకుల కింద కూసుంటాడు. మా కాలనీవోడే అయ్యుంటాడు. పెట్టె ఉండాదంటే కేసూ ఉంటాది."

పెద్దమనుషులు టీ తాగకుండా లేచిపోయారు.

మునిస్వామి ఇప్పుడు పుంగనూరులో రోడ్డు పక్కన ఆగిపోయిన ట్రాక్టర్లకూ ఆటోలకూ పిలిస్తే పోయి పని చేసి వస్తున్నాడు. షెడ్డు లేదు. కేసు నడుస్తోంది. సాక్షి ఒక్కతే. ఒక్క సాక్షి ఉన్న కేసులో ఎదుటి లాయరు ఏమంటాడో అందరికీ తెలిసిందే. బంక్ గొడవ పెట్టుకుని పగతో చెబుతోందంటాడు.

ఇది చదువుతున్న మీరు ఆ పదకొండు మందిలో లేకపోవచ్చు. కానీ మీ బండి ఏదో ఒక షెడ్డులో ఆగుతుంది. మీరూ బెంచీ మీద కూర్చుని పని అయ్యేదాకా చూస్తారు. లోపల ఎవరు నిలబడ్డారో, బయట ఎవరిని నిలబెట్టారో, ఎవరి చేతికి ఏ సామాను ఇస్తున్నారో మీ కళ్లకు కనపడుతుంది. కనపడితే ఊరుకోకండి. ఎందుకని ఆ యజమానినే, అందరి ముందే అడగండి. జవాబు నచ్చకపోతే బండి తీసుకుని ఇంకో షెడ్డుకు పోండి, ఎందుకు పోతున్నారో చెప్పి మరీ పోండి. మీ ముందు ఎవరినైనా కులం పేరుతో తిడితే ఆ తేదీ, ఆ చోటు, అక్కడున్నవాళ్ల పేర్లు ఫోన్లో రాసిపెట్టుకోండి. తిట్టు తిన్న మనిషి దగ్గరికి వెళ్లి మీ నంబరు ఇవ్వండి. రేపు పిలిస్తే టీకి పోయి ఉంటినని చెప్పకండి. పోయి, చూసినా, విన్నా అని సంతకం పెట్టండి.

ఆ రోజు మీరు ఆ షెడ్డు ముందు ఉండి ఉంటే, ఇంకా ఆలస్యం కాలేదు. ఆదిలక్ష్మి ఒక్కతే కోర్టుకు పోతోంది. ఈసారి వాయిదాకు ఆమెతో పాటు పోండి.